పాత బొమ్మలు – జీర్ణోద్ధరణ ధర్మము

పూర్వులు అప్పగించిపోయిన వస్తువు శిథిలమైనప్పుడు దానిని బాగుచేయుట పుణ్యకార్యమని మన పెద్దలు చెప్పిరి. క్రొత్త గుడి కట్టించుటకంటె పాత గుడిని నిలబెట్టుట మేలనియు చెప్పిరి. అయితే బాగుచేయుట యనగా నేమి? పగిలిన రాతిని అతుకుట బాగుచేయుటయే. శిల్పముపై పేరుకొన్న సున్నపు పొరలను ఓర్పుతో తొలగించుటయు బాగుచేయుటయే. కాని ఇసుకను వేగముగ చిమ్మి రాతిని తోమి, మాలిన్యముతోబాటు శిల్పి ఉలిగుర్తులను గూడ అరగదీయుట బాగుచేయుట యగునా? దూరమునుండి చూచువానికి రెండును ఒక్కవిధముగనే శుభ్రముగ కనబడును. ఆ రెంటికిని గల భేదమును తెలిసికొనుట పరీక్షకుని పని. తెలియక మెచ్చుకొన్నచో ఆ యపచారమునందు పరీక్షకునికిని పాలు కలుగును.

ఈ ప్రశ్నను మేమిప్పుడు దేవాలయములను గూర్చి గాక, అమెరికా దేశపు పాత కార్టూను చిత్రములను గూర్చి విచారింపదలచితిమి. ఆకాశమున నెగురు సూపర్‌మాన్ బొమ్మలకును ధర్మవిచారమునకును సంబంధమేమని కొందరు నవ్వవచ్చును. కాని ధర్మసూక్ష్మములు పెద్ద వస్తువులయందుకంటె చిన్న వస్తువులయందే తేటగ కానవచ్చును. గుడికి భక్తులు కలరు. కావ్యమునకు పండితులు కలరు. పిల్లల బొమ్మకు దిక్కెవరు? అడుగువారు లేని వస్తువును మనమెట్లు చూతుమో దానినిబట్టియే మన న్యాయబుద్ధి యెంతటిదో తెలియును. పైగా ఈ బొమ్మలు నేడు పళ్ళెములపై ముద్రింపబడి, డి.వి.డి. యనియు బ్లూ-రే యనియు పేర్లతో ఇండ్లలోనికి వచ్చినవి. ఇంటిలోనికి వచ్చినదానిని గూర్చి మంచిచెడ్డలు విచారించుట గృహస్థుని ధర్మములలోనిదే.

ముందుగ చరిత్రను కొంత చెప్పవలసియున్నది. సూపర్‌మాన్ పాత్రను జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను ఇరువురు యువకులు సృష్టించిరి. 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికయందు ఆ పాత్ర లోకమునకు తొలిసారి కనబడినది. కథకును, పాత్రపై సర్వహక్కులకును కలిపి వారికి ముట్టినది 130 డాలర్లు. పిమ్మట పారమౌంట్ సంస్థ ఆ పాత్రను చలనచిత్రముగ తీయింపదలచి, మాక్స్ ఫ్లైషర్, డేవ్ ఫ్లైషర్ అను సోదరుల చిత్రశాలకు ఆ పని యప్పగించెను. ఆ చిత్రశాల యప్పుడు ఫ్లోరిడా రాష్ట్రములోని మయామీ నగరమున నుండెను. 1941 సెప్టెంబరు 26న మొదటి చిత్రము విడుదలయ్యెను. 1943 జూలైలో వచ్చినది కడపటిది. మొత్తము 17 చిత్రములు. వానిలో మొదటి 9 ఫ్లైషరు సోదరుల శాలనుండి వెలువడినవి. 1942లో పారమౌంట్ ఆ శాలను తన వశము చేసికొని 'ఫేమస్ స్టూడియోస్' అని పేరు మార్చిన తరువాత తక్కిన 8 వచ్చినవి. మొదటి చిత్రము ఆ సంవత్సరపు ఆస్కార్ బహుమానమునకు ప్రతిపాదింపబడినది గాని, బహుమానము డిస్నీవారి చిత్రమునకు పోయినది.

ఒక్కొక్క చిత్రము ఇంచుమించు పది నిమిషములు మాత్రమే. అయినను అందలి వెలుగునీడల పొందిక, యంత్రముల బరువు, మనుష్యుని నడక నేటికిని చిత్రకారులకు పాఠములుగ నున్నవి. 1941నాటి 'మెకానికల్ మాన్‌స్టర్స్' అను చిత్రములో రెక్కలు చాచి యెగురు యంత్రమానవుల ఛాయ, జపాను దేశపు దర్శకుడు హయావో మియాజాకి 1986లో తీసిన 'లాపుటా' చిత్రములోని యంత్రమానవులయందు స్పష్టముగ కనబడును. 1992లో ఆరంభమైన బాట్‌మాన్ కార్టూను ధారావాహికను రూపొందించిన వారును ఈ పాత బొమ్మలనుండి యెంతయో నేర్చుకొనిరి. కావున ఇవి కేవలము పాతవస్తువులు కావు. ఒక విద్యకు మూలగ్రంథముల వంటివి.

ఇట్టి చిత్రములను ఎట్లు తయారుచేసిరో తెలిసికొనుట మన విచారమునకు మిక్కిలి యవసరము. చిత్రకారుడు కాగితముపై పెన్సిలుతో బొమ్మను గీయును. ఆ గీతను పారదర్శకమైన సెల్యులాయిడు పలకపై మరియొకరు సిరాతో తిరిగి గీయుదురు. పలక వెనుకవైపున ఇంకొకరు రంగు నింపుదురు. పిదప దానిని చిత్రించిన నేపథ్యముపై నుంచి ఛాయాగ్రహణము చేయుదురు. సెకనుకు 24 చట్రముల చొప్పున పది నిమిషముల చిత్రమునకు 14,400 చట్రములు కావలెను. ప్రతి చట్రమునకును క్రొత్త బొమ్మ అక్కరలేకపోయినను, వేలకొలది పలకలపై గీతలు గీయక తప్పదు. ఆ కాలపు అమెరికా చిత్రశాలలలో ఈ సిరాగీతలు గీసి రంగులు నింపిన వారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. చిత్రారంభమున తెరపై వచ్చు పేర్లలో వారి పేర్లుండవు. సీగెల్, షూస్టరులకైనను ఆలస్యముగ కొంత న్యాయము జరిగినది. 1975లో వారి పేర్లు మరల పాత్రతో జతపరుపబడినవి, వారికి సాలుసరి భృతియు ఏర్పడినది. సిరా గీసిన స్త్రీలకు అట్టి దినము రాలేదు. వారి చేతిపనికి మిగిలిన సాక్ష్యము తెరపై కదలెడు ఆ సన్నని గీత యొక్కటియే. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరుచున్నాము.

తరువాతి కథ లోకరీతికి తగినట్లే నడచినది. ఆనాటి అమెరికా చట్టము ప్రకారము గ్రంథస్వామ్యము 28 ఏండ్లకు తీరును. గడువులోపల దానిని పునరుద్ధరించుకొనవలెను. ఈ 17 చిత్రముల విషయమున ఆ పని జరుగలేదు. కావున అవి సర్వజనుల సొత్తయినవి. ఎవ్వరైనను ప్రతి తీసి యమ్ముకొనవచ్చును. వీడియో కాసెట్టుల కాలము వచ్చినప్పుడు అట్లే యమ్మిరి, డి.వి.డి.ల కాలమునను అట్లే యమ్మిరి. చాలమంది చేతికి చిక్కినవి అరిగిపోయిన ప్రతులు, ప్రతులకు ప్రతులు. నీలము వెలిసి ఎరుపు మిగిలినది, నీడలు బురదవలె నైనవి, ధ్వని గరగరలాడినది. అంగడిలో అతిచౌకగ దొరకు పెట్టెలలో ఈ చిత్రములు యేండ్ల తరబడి తిరిగినవి.

ఇట్టి చౌక ప్రతులను పరీక్షకుడు ఎట్లు తూచవలెను? వానిని తిట్టుట సులభము. తిట్టుటకు తగిన కారణములును కలవు. కాని మన తాళపత్ర లేఖకులను తలచుకొందము. చూచినది చూచినట్లు వ్రాసితిమి, తప్పులున్నచో మమ్ము దూషింపవలదని వారు గ్రంథాంతమున ప్రార్థించెడివారు. పదచ్ఛేదము తెలియని లేఖకుడు వ్రాసిన తప్పుల ప్రతియైనను లేకపోయినచో ఎన్ని కావ్యములు మనకు దక్కియుండెడివి? స్వామి లేని కాలమున ఈ కార్టూనులను జనుల కంటిముందు నిలిపినవి ఆ మసకబారిన ప్రతులే. అవి దరిద్రములు, గాని అబద్ధములు కావు. తమకు లేని అందమును అవి చెప్పుకొనలేదు. దారిద్ర్యమును దోషముగ నెంచుట న్యాయము కాదు. పెట్టెపై 'సంపూర్ణముగ పునరుద్ధరింపబడినది' అని వ్రాసి, లోపల ఆ వెలిసిన ప్రతినే పెట్టినవాడు మాత్రము దోషి. మొదటివానికి లేనిది ధనము. రెండవవానికి లేనిది సత్యము.

ఇక్కడ పరీక్షకుడు మూడు విధములైన దోషములను వేరుపరచి చూడవలసియున్నది. మొదటిది కర్తదోషము, చిత్రము తీసిననాడే అందుండిన లోపము. రెండవది కాలదోషము, గీతలు పడుట, రంగు వెలియుట, ధూళి చేరుట. మూడవది ప్రకాశకదోషము, నేడు విడుదల చేయువాడు కలుగజేసినది. ఈ మూటిని కలిపివేసి తీర్పు చెప్పువారు చాలమంది కలరు. 1967లో ఆరంభమైన 'స్పైడర్‌మాన్' కార్టూను ధారావాహికను దృష్టాంతముగ తీసికొందము. అది తక్కువ వ్యయముతో తీసినది. ఒకసారి గీసిన దృశ్యమునే మరల మరల వాడుకొనిరి. అదే వీథి, అదే యెగురుట, అదే ఆకాశము. 2004లో అది డి.వి.డి.గ వచ్చినప్పుడు ఆ పునరుక్తులన్నియు దానితోనే వచ్చినవి; రావలయును గూడ. వానిని చూచి ప్రకాశకుని నిందించుట, అచ్చుకూటమువానిని కవి ఛందోదోషమునకు నిందించుటవంటిది. అట్లే ధూళిని చూచి కర్తను నిందింపరాదు. కర్త గీసినదానిని ధూళియని పొరబడి తుడిచివేసిన వానిని విడిచిపెట్టనురాదు.

ఈ కడపటి మాట యూహించి చెప్పినది కాదు. సూపర్‌మాన్ చిత్రములకు వార్నర్ సంస్థ మేలైన మూలముల ఆధారముతో 2009లో డి.వి.డి.ని, 2023లో బ్లూ-రేను వెలువరించినది. 17 చిత్రములును ఒకేచోట చేరినవి. రంగులు తిరిగి వెలుగు చూచినవి. గీతలు, మరకలు చాలవరకు పోయినవి. ఇంతవరకు కృతజ్ఞత చెప్పవలసినదే. కాని 2023నాటి ప్రచురణను చూచిన పలువురు పరిశీలకులు ఒక ఆక్షేపణ చేసిరి. ఫిలిమునకు సహజమైన రేణువులను అణచుటకై యంత్రముచేత చేయించిన శుద్ధి మితిమీరినదనియు, దానివలన బొమ్మ మెత్తబడి సన్నని గీతలు కరగిపోయినవనియు వారి యాక్షేపణ.

ఇందలి కారణము తెలిసికొనదగినది. ఫిలిముపై బొమ్మ యేర్పడునది సూక్ష్మరేణువుల వలన. ఆ రేణువుల యమరిక ఒక చట్రమునందున్నట్లు మరియొక చట్రమునందుండదు. అందుచేత కదలని గోడపైగూడ సన్నని చలనము కనబడును. శుద్ధిచేయు యంత్రము ఒక చట్రమును దాని ముందు వెనుక చట్రములతో పోల్చి, నిలకడగ నున్నదానిని బొమ్మయనియు, క్షణక్షణము మారుదానిని మలినమనియు నిర్ణయించి, మారుదానిని చదునుచేయును. మితముగ వాడినచో మేలే. కాని కార్టూనునందు వానచినుకు, నిప్పురవ్వ, గాలికి కదలు వెండ్రుక, వేగమును సూచించు గీత – ఇవన్నియు క్షణక్షణము మారునవియే. యంత్రమునకు చినుకేదో రేణువేదో తెలియదు. అది రెంటిని తుడుచును. ధూళి పోయిన సంతోషములో చినుకు పోయిన సంగతి చూచువాడు గ్రహింపడు. ముందు చెప్పిన ఆ పేరులేని స్త్రీల గీత ఎనుబదియేండ్ల ధూళికి తట్టుకొని నిలిచి, శుద్ధి పేర పోయినదన్నమాట. కాలము చేయలేని పనిని ఆదరము చేసినది!

దీనికి ఎదురువాదము కలదు; దానిని తేలికగ త్రోసివేయరాదు. నేటి పిల్లవాని కన్ను నిగనిగలాడు తెరకు అలవాటుపడినది. రేణువులు కదలాడు బొమ్మ వానికి రోతగ నుండును. చూడనే చూడనిచో మూలమునకు విధేయముగ నుండి ప్రయోజనమేమి? వస్తువు గొప్పదా, దానిని అనుభవించు మనుష్యుడు గొప్పవాడా? – అని ఆ వాదము. ఇందు సత్యాంశము లేకపోలేదు. మన 'మాయాబజార్' చిత్రమునకును ఇట్టి సందర్భమే కలిగినది. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున, మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రహణమున నలుపు తెలుపులలో వచ్చిన ఆ చిత్రమునకు రంగులద్ది 2010లో విడుదల చేసిరి. నలుపు తెలుపుల చిత్రమునకు దూరముగ నుండు కొందరు దానిని చూచి సంతోషించిరి. ఆ సంతోషము తప్పని మేమనము. కాని బార్‌ట్లీ వెన్నెలను కల్పించినది తెలుపు, నలుపు, వాని నడిమి ఛాయలతోనే. ఆ వెన్నెల రంగుల ప్రతిలో లేదు, ఉండజాలదు. కావున రంగుల ప్రతి ఒక వ్యాఖ్యానమువంటిది. వ్యాఖ్యానముండవచ్చును, అది సరసముగనైనను ఉండవచ్చును. మూలమును అంగడినుండి తొలగించి దాని పీటపై తాను కూర్చుండరాదు. రంగులద్దుట అపరాధము కాదు. మొదటిదానిని దొరకకుండ చేయుట అపరాధము.

ఈ దృష్టితో చూచినచో శుద్ధిచేయుటకంటె రంగులద్దుటయే నిజాయితీ గలదేమో యని యొక్కొక్కప్పుడు తోచును. రంగులద్దినవాడు తాను మార్చితినని చెప్పక తప్పదు. మార్పు కంటికి కనబడుచున్నది. మితిమీరి శుద్ధిచేసినవాడు మాత్రము తాను మార్చినదానినే 'ఇదియే మూలము' అని యిచ్చును. చూచువాడు మూలమే చూచితిననుకొని తృప్తిపడును, ఇంకొకదానికై వెదకడు. అసలు లేదని తెలిసినవాడు ఎన్నడైనను వెదకికొనును. అసలు తన చేతిలోనే యున్నదని నమ్మినవాడు ఏల వెదకును?

ఇంతవరకు చెప్పినది గీతలను గూర్చి. ఇక భావములను గూర్చి చెప్పవలసియున్నది. ఈ భాగము మరింత కఠినమైనది. ఆ 17 చిత్రములలో 1942 సెప్టెంబరునాటి 'జాపొటూర్స్' ఒకటి. జపాను గూఢచారులు అమెరికా బాంబు విమానమును అపహరింపజూడగా సూపర్‌మాన్ అడ్డుపడుట అందలి కథ. జపానీయులను వికృతముగ చిత్రించి, పేరులోనే పరిహాసము చేసిరి. అదే సంవత్సరము ఫిబ్రవరిలో వెలువడిన అధ్యక్షుని ఆజ్ఞ ప్రకారము జపాను వంశమునకు చెందిన సుమారు 1,20,000 మందిని ఇండ్లనుండి వెడలగొట్టి శిబిరములలో నిర్బంధించిరి. వారిలో అధికులు అమెరికా పౌరులే. 1988లో ఆ దేశపు ప్రభుత్వము అది అన్యాయమని చట్టరూపమున క్షమాపణ చెప్పినది. 1942లోనే వచ్చిన 'ఎలక్ట్రిక్ ఎర్త్‌క్వేక్' అను మరియొక చిత్రములో, మాన్‌హాటన్ దీవి తన జాతివారిది, తిరిగి యిచ్చివేయుడని యడుగు అమెరికా ఆదివాసి శాస్త్రజ్ఞుడు ఖలనాయకుడు. ఆతడు నగరమును కంపింపజేయుట దుష్కార్యమే. కాని ఆతని ప్రశ్నకు చిత్రమునందు సరియైన సమాధానము లేదు. 1943నాటి 'జంగిల్ డ్రమ్స్' చిత్రములో ఆఫ్రికావాసులను చూపిన తీరును నేడు చూచుటకు సిగ్గగును.

ఇట్టివానిని క్రొత్త ప్రచురణలో చేర్పవలెనా, విడువవలెనా? విడువవలెననువారు దయగలవారే. అవమానింపబడిన జాతి పిల్లవాడు ఆ బొమ్మను చూచి యేమనుకొనునని వారు అడుగుదురు. ఈ ప్రశ్నను పరిహసింపరాదు. పరభాషల నడుమ తరతరములుగ కాపురముండి, తమ పలుకుబడిని అనుకరించి నవ్వువారిని చూచిన తెలుగు కుటుంబములకు ఆ బాధ కొంతయైనను తెలియును. కాని తొలగించుట వలన మేలు కలుగునది ఎవ్వరికి? అవమానము చేసినవారికే! వారి పుస్తకములోని మచ్చ మాసిపోవును. అవమానింపబడినవానికి మాత్రము, 'నాకిట్లు జరిగినది' అని చూపుటకు సాక్ష్యము లేకుండ పోవును. వార్నర్ సంస్థయే తన యితర కార్టూను సంపుటములలో కొన్నింటి ఆరంభమున, ఆ చిత్రములలోని జాతిదూషణ ఆనాడును తప్పే, ఈనాడును తప్పే, అయినను దానిని దాచినచో అది లేనేలేదని బొంకినట్లగునని ప్రకటించినది. ఇది సరియైన మార్గమని మా యభిప్రాయము.

తొలగింపు ఏమి చేయునో తెలుగు సాహిత్యమునకు అనుభవమే. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరునందు ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము' 1887లో అచ్చైనప్పుడు కొన్ని పద్యములును, కవయిత్రి తన్ను గూర్చి చెప్పుకొన్న అవతారికయును తొలగింపబడినవి. సభ్యత పేర పద్యములు పోయినవనుకొందము. అవతారిక యేల పోవలెను? అందున్నది ఒక స్త్రీ తన పేరును, తన వంశమును సగర్వముగ చెప్పుకొనుట మాత్రమే. బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతితో పోల్చి చూచి ఆ లోపమును కనుగొని, 1910లో సమగ్రముగ ప్రచురించినది. మరుసటి యేడు ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించినది. నిషేధము తొలగినది 1947లో. తొలగింప నారంభించిన చేయి ఎచ్చట ఆగవలెనో తనకే తెలియదనుటకు ఇంతకంటె సాక్ష్యము కావలెనా? మొదట దోషమని తోచినది పోవును. పిదప దానిని ఆనుకొనియున్నది పోవును. కడపట చేసినవారి పేరు పోవును. చినుకును రేణువని తుడిచిన యంత్రమునకును, అవతారికను అసభ్యముతో కలిపి కొట్టివేసిన పరిష్కర్తకును బుద్ధి యొక్కటియే.

అయితే ఉన్నదున్నట్లు పిల్లలముందు పారవేయుటయు ధర్మము కాదు. దీనికి మన దేశమునందే యొక మంచి పద్ధతి కలదు. పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధనా సంస్థ 1919లో ఆరంభించి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ప్రతియందు, తెలుగు లిపిలోని ప్రతులతోసహా 1,259 వ్రాతప్రతులను పోల్చి చూచిరి. మూలము కాదని తోచినదానిని పై భాగమునుండి తీసివేసిరి, కాని పారవేయలేదు. అధోజ్ఞాపికలలోను అనుబంధములలోను నిలిపిరి. పరిష్కర్త తీర్పుతో ఏకీభవింపనివాడు ఆ పుటలోనే క్రిందికి చూచి తన తీర్పు తాను చెప్పుకొనవచ్చును. ఇదియే మర్యాద. కార్టూను ప్రచురించువాడును ఇట్లే చేయవచ్చును. బాధకరమైన చిత్రమును వేరుగ నుంచి, ముందు నాలుగు మాటలు చెప్పి, ఆనాటి చరిత్రను వివరించి, చూడదలచినవానికి చూడనిచ్చుట. శుద్ధిచేసిన ప్రతితోబాటు, సాధ్యమైనచో శుద్ధిచేయనిదానిని కొంతయైనను చూపుట. ఏమి తీసితిమో, ఏమి చేర్చితిమో, ఏ ఫిలిమునుండి తీసికొంటిమో ఒక పుటలో వ్రాయుట. దీనికి ధనమక్కరలేదు, జంకు లేకుండిన చాలును.

ఇక పరీక్షకుడు తన్ను తాను పరీక్షించుకొనవలసిన స్థానమొకటి మిగిలియున్నది. బాల్యమున తొలిసారి చూచిన ప్రతియే ప్రతివానికి మూలమని తోచును. వెలిసిన కాసెట్టులో సూపర్‌మాన్ అంగీ ఊదారంగుగ చూచినవానికి, సరియైన నీలము కృత్రిమముగ కనబడును. ఆతడు వెదకుచున్నది చిత్రమును గాదు, తన బాల్యమును. బాల్యమునకు జీర్ణోద్ధరణము లేదు. బాల్యస్మృతి మధురమైనది; దానిని ప్రమాణముగ తీసికొనిన మాత్రము తీర్పు తప్పును. అట్లే క్రొత్తదియెల్ల మేలనుకొనువాని కన్నును ప్రమాణము కాదు. ఒకడు ధూళిని ప్రేమించును, ఒకడు నిగనిగను ప్రేమించును. ఇరువురికిని గీత కనబడదు.

కావున మా నిర్ణయము ఇది. పాత బొమ్మల ప్రచురణను తూచుటకు అందము మొదటి ప్రమాణము కాదు. సత్యము మొదటి ప్రమాణము. చిత్రము చేసినవారి చేయి అందు కనబడుచున్నదా? కాలము చేసిన గాయము మాత్రమే మాన్పబడినదా, దానితో చర్మమును ఒలువబడినదా? మార్చినవాడు మార్చితినని చెప్పెనా? సిగ్గుపడవలసినదానిని దాచెనా, సిగ్గుపడుచునే చూపెనా? ఈ ప్రశ్నలకు సరియైన సమాధానములు చెప్పగల ప్రచురణ, చూచుటకు కొంత గరుకుగ నున్నను ఉత్తమము. చెప్పలేనిది అద్దమువలె మెరసినను మధ్యమమే. ఏమియు చెప్పక తానే మూలమని నటించునది అధమము.

పూర్వుల సొత్తు మనచేతిలో నిక్షేపము వంటిది. నిక్షేపము దాచినవాడు దానిని వాడుకొనవచ్చునేమో గాని, కరగించి క్రొత్తనగ చేసి 'మీది మీకిచ్చితిని' అనరాదు. పది నిమిషముల పిల్లల బొమ్మ విషయమున ఈ ధర్మము పాటింపగలిగినవాడు గుడి విషయమునను, కావ్యము విషయమునను, ఊరుగాని ఊర మనము కాపాడుకొనుచున్న భాష విషయమునను పాటింపగలడు. చిన్నదానియందు పాటింపనివాడు పెద్దదానియందు పాటించునని నమ్ముట కష్టము. మన పిల్లలు ఈ బొమ్మలు చూచునప్పుడు, ఎగురు వీరుని చూపుటతోబాటు, ఆ వీరుని అంచును సిరాతో గీసిన సన్నని గీతను గూడ చూపి, దానిని గీసిన చేతులు ఉండెడివని యొక్కమాట చెప్పుదుముగాక. ఆ మాట చెప్పుటకు గీత మిగిలియుండవలెను గదా!